బడి మూస్తే పిల్ల యాడికి పోతాది

(కోసిగిలో చేసిన స్మారక ఉపన్యాసం)



ఎవరి జ్ఞాపకంగా ఈ సభ పెట్టుకున్నామో, ఆయన పేరు ఉపన్యాసంలో పలకవద్దని ఇంటివాళ్లు కోరారు. బతికున్నన్నాళ్లూ మెడలో దండ వేయించుకోవడానికి ఒప్పుకోని మనిషి. పోయాక ఆయన మాట కాదనడం బాగుండదు. అందుకే ఊరంతా పిలిచినట్టే నేనూ అయ్యవారు అనే అంటాను.

అయ్యవారి దగ్గర నేను మూడో తరగతి చదివాను. తర్వాత ఇదే మండలంలో ఆయన హెడ్మాస్టరుగా ఉన్న బడికే కొత్త పంతులుగా చేరాను. దసరా సెలవులు ముగిసే రోజుల్లో ఆయన సాయంత్రం పూట కోసిగి రైల్వే స్టేషనుకు వెళ్లేవారు. చంకలో ఎర్ర అట్ట వేసిన పొడుగు నోటుపుస్తకం ఉండేది. ప్లాట్‌ఫారం నిండా మూటలు, గిన్నెలు, గోనెసంచుల్లో జొన్నలు, వాటి నడుమ పిల్లలు. సుగ్గికి పోయే జనం. అయ్యవారు ఒక్కో కుటుంబం పక్కన గొంతుక్కూర్చుని పిల్ల పేరు, తరగతి, పోయే ఊరు, తీసుకుపోయే మేస్త్రీ పేరు రాసుకునేవారు. చివరి గడి ఖాళీగా వదిలేవారు. దాని పైన ‘తిరిగొచ్చిన తేదీ’ అని ఉండేది. రాయడం అయ్యాక ఒకే మాట అడిగేవారు. “పిల్లను అవ్వకాడ ఇడిసి పోగూడదా? బడిలో కూడు పెడతాం గదా.” పదిమంది పిల్లల్లో ఇద్దరో ముగ్గురో ఆ రాత్రికి ఊళ్లోనే మిగిలేవారు. ఆ ఇద్దరు ముగ్గురి కోసమే ఆయన ఏటా వెళ్లేవారు. రిటైరయ్యాక కూడా మానలేదు.

బయటి ఊళ్ల నుంచి వచ్చిన మిత్రుల కోసం చెబుతున్నాను. కన్నడంలో సుగ్గి అంటే పంట ఇంటికొచ్చే కాలం, సంబరం. మా కోసిగి, కౌతాళం, పెద్దకడబూరు వైపు ఆ మాటలో సంబరం ఎప్పుడో పోయింది, వలస ఒక్కటే మిగిలింది. బ్రిటిష్ కాలంలో వచ్చిన ధాత కరువు నాటికి మన ఆదోని తాలూకా బళ్లారి జిల్లాలో ఉండేది. ఆ కరువులో ఈ నేల పడిన బాధ ఇప్పటికీ సామెతల్లో ఉంది. ఇప్పుడు తుంగభద్ర దిగువ కాలువ పారే ఊళ్లలో కూడా దసరా దాటగానే ఇళ్ల ముందు కంప కనబడుతుంది. తలుపుకు తాళం వేసి, గడపకు అడ్డంగా ముళ్లకంప పెట్టి పోతారు. పత్తి తీతకు తెలంగాణ, సంక్రాంతి దాటాక మిరప కోతకు గుంటూరు. తిరిగి రావడం ఉగాదికి.

ఈ వరస గుర్తుపెట్టుకోండి. నేను చెప్పబోయేదంతా దీని మీదే నడుస్తుంది.

కరోనా లాంటి మహమ్మారి వచ్చినప్పుడు బడులు తెరిచి ఉంచాలా, మూసెయ్యాలా? అది ముగిసిపోయిన ముచ్చట గదా, ఇప్పుడెందుకని ఒక మిత్రుడు అడిగాడు. 2020లో ఒకటో తరగతిలో పేరు రాయించుకున్న పిల్లలు ఇప్పుడు హైస్కూలు మెట్లెక్కారు. ఈ హాలు వెనకాల వాళ్లు కూడా ఉన్నారు. వాళ్లకు అది ముగియలేదు. మళ్లీ ఏ జబ్బో వస్తే మొదట తాళం పడేది బడికేనని నాకు భయం.

ఏం జరిగిందో తేదీలవారీగా చూద్దాం. 2020 మార్చి 19 నుంచి రాష్ట్రంలో బడులు మూశారు. 24 అర్ధరాత్రి నుంచి దేశమంతా లాక్‌డౌన్. తెల్లవారితే శార్వరి ఉగాది. పండక్కి ఇల్లు చేరాలని లెక్క వేసుకున్న మన జనం గుంటూరు మిరప చేలల్లో ఇరుక్కుపోయారు. ఏ పిల్లల ఆరోగ్యం కోసం బడి మూశామో, ఆ పిల్లలు పట్టాల గుడిసెల్లో, ఒక్కో పట్టా కింద రెండు మూడు కుటుంబాలతో, నీళ్లకు వరసలో నిలబడుతూ గడిపారు. కూలీ ఆగిపోయింది, తెచ్చుకున్న జొన్నలు అయిపోయాయి. ఇంట్లోనే ఉండండి అని టీవీలు చెప్పాయి. వాళ్ల ఇల్లు నాలుగు వందల కిలోమీటర్ల అవతల కంప వెనకాల ఉంది.

ఆ నవంబరు 2న తొమ్మిది, పది తరగతులకు బడులు తెరిచారు. తర్వాత ఎనిమిది, ఏడు, ఆరు. ఒకటి నుంచి ఐదు దాకా తెరిచేసరికి 2021 ఫిబ్రవరి 1 వచ్చింది. ఫిబ్రవరి అంటే మిరప కోత జోరుగా సాగే కాలం. బడి గంట మోగేనాటికి మా బడిలో సగం మంది పిల్లలు గుంటూరులో ఉన్నారు. ఏప్రిల్ 13న ప్లవ ఉగాదికి తిరిగొచ్చారు. ఏప్రిల్ 20 నుంచి రెండో అల కారణంగా ఒకటి నుంచి తొమ్మిది తరగతులకు మళ్లీ తాళం. సరిగ్గా వారం. ఆ తర్వాత తెరిచింది ఆగస్టు 16న.

లెక్క కట్టి చూడండి. 2019 దసరాకు సుగ్గికి పోయిన ఒకటో తరగతి పిల్ల మళ్లీ వరసగా బడిలో కూర్చున్నది 2021 ఆగస్టులో. దాదాపు రెండేళ్లు. పట్నంలో ఉద్యోగస్తుల పిల్లకు బడి పోయినా ఫోను ఉంది, ఇంట్లో చదివిన తల్లి ఉంది. మా పిల్లకు బడి పోతే అన్నీ పోయాయి. సప్తగిరి చానల్లో పాఠాలు వచ్చాయి, మంచి పాఠాలే. పట్టా గుడిసెలో టీవీ లేదు. మధ్యాహ్న భోజనం బదులు బియ్యం, గుడ్లు, చిక్కీలు ఇంటికి పంపారు, అదీ మంచి పనే. కానీ ఇంటి ముందు కంప ఉంటే ఎవరి చేతిలో పెడతారు?

ఆ రోజుల్లో నేను చేసిన తప్పొకటి చెప్పాలి. ఎంతమంది పిల్లలతో ఫోనులో మాట్లాడామో ప్రతి వారం ఒక ఫారంలో నింపేవాళ్లం. తండ్రి నంబరుకు చేసి, పిల్ల బాగుందా అని అడిగితే ఒక పిల్లతో మాట్లాడినట్టే లెక్క వేశాను. అలా మా బడి అంకెలు చక్కగా కనిపించాయి. ఒకసారి ఒక తండ్రి “ఉండు సార్, పాప సాలులో ఉంది, పిలుస్తా” అన్నాడు. వద్దులే అని పెట్టేశాను. కాగితం మీద ఆ పిల్ల చదువుకుంటూ ఉంది. మిరప సాలులో కాయ కోస్తూ ఉంది. రెండూ నాకు తెలుసు.

ఆగస్టులో ఆ పిల్ల బడికొచ్చింది. రిజిస్టరులో మూడో తరగతి. పేరు రాయమ్మా అని పెన్సిలిచ్చాను. బొటనవేలు, చూపుడువేలు కొనల మీద చర్మం మందంగా, బీటలు వారి ఉంది. తొడిమ పట్టి లాగే చోటు. పెన్సిలు అక్కడ నిలవలేదు, జారిపోయింది. మళ్లీ పట్టుకుంది, మళ్లీ జారింది. చెమట పడితే మోచేతి పైభాగంతో తుడుచుకుంది, వేళ్లు కంటికి తగలనివ్వలేదు. మిరప కోసేవాళ్లకు ఆ అలవాటు ఒంట్లో నిలిచిపోతుంది. నేను పుస్తకం పక్కన పెట్టి అడిగాను. “టిక్కీ బస్తాకు ఎన్ని కిలోలు పడతాది?” “నలభై సార్.” “పది పది కిలోలు తూకమేస్తే ఎన్నిసార్లకు నిండుతాది?” రెప్ప వేయకుండా “నాలుగు” అంది. బోర్డు మీద 4 అంకె రాసి ఇదేమిటి అని అడిగితే చాలాసేపు చూసి తల వంచుకుంది.

బుర్రలో లెక్క ఉంది, అంకె లేదు. ఆ నడుమ ఉండాల్సింది బడి.

మా ఒక్క బడి ముచ్చట చూసి రాష్ట్రమంతా ఇంతే అనడం లేదు. పల్లె పిల్లల చదువును కొలిచే అసర్ సర్వే అంకెలు ఉన్నాయి. ఆంధ్రప్రదేశ్ పల్లెల్లో మూడో తరగతి పిల్లల్లో రెండో తరగతి పాఠం చదవగలిగినవాళ్లు 2018లో 22.6 శాతం. 2022లో 10.3 శాతం. తెలంగాణలో 18.1 నుంచి 5.2కు పడింది. 2022 మూడో తరగతి అంటే 2020లో ఒకటిలో చేరినవాళ్లే. 2018లోనే అంకె తక్కువగా ఉందని గమనించండి, మనం ఎత్తు మీద నుంచి పడలేదు, గుంటలో ఉండి ఇంకా లోతుకు పోయాం. ఇక 2021 ఆగస్టు ప్రాంతంలో జాన్ ద్రేజ్, రీతికా ఖేరా తదితరులు 15 రాష్ట్రాలు, కేంద్రపాలిత ప్రాంతాల్లో పేద కుటుంబాల పిల్లలను పలకరించారు. పల్లెల్లో క్రమం తప్పకుండా ఆన్‌లైన్‌లో చదివినవాళ్లు 8 శాతం. అసలేమీ చదవనివాళ్లు 37 శాతం.

ఎదుటి వాదాన్ని తేలిగ్గా తీసుకునే హక్కు నాకు లేదు. 2020 ఏప్రిల్ చివరికి రాష్ట్రంలో అన్ని జిల్లాలకన్నా ఎక్కువ కేసులు మన కర్నూలు జిల్లావే. ఆ భయం ఉత్తది కాదు. అవ్వ, కొడుకు, కోడలు, నలుగురు పిల్లలు ఒకే గదిలో పడుకునే ఇళ్లు మనవి. పిల్లకు జలుబుతో పోయేది అవ్వకు ప్రాణం మీదికి వస్తుంది. అయ్యవారు కూడా రెండో అలలోనే, 2021 మేలో పోయారు. అప్పటికి బడులు మూసి మూడు వారాలైంది. మూసినా పోయారు గదా అని వాదించవచ్చు. నేను వాదించను. ఒక్క చావును పట్టుకుని ఏ వైపూ వాదం నిలబెట్టకూడదు, అందులోనూ మన మనిషి చావును.

వాదానికి వేరే ఆధారాలున్నాయి. 2021 జూన్, జులై నెలల్లో భారత వైద్య పరిశోధన మండలి (ఐసీఎంఆర్) దేశమంతటా రక్త పరీక్షలు చేసింది. ఆరు నుంచి తొమ్మిదేళ్ల పిల్లల్లో 57.2 శాతం మందిలో, పది నుంచి పదిహేడేళ్ల వారిలో 61.6 శాతం మందిలో వైరస్‌ను ఎదుర్కొనే యాంటీబాడీలు కనిపించాయి. ఏడాదికి పైగా చాలాచోట్ల చిన్నపిల్లల బడులకు తాళం ఉంది. అయినా సగానికి పైగా పిల్లలను జబ్బు తాకి పోయింది. బజారులో తాకింది, ఇంట్లో తాకింది, లారీలో తాకింది. తాళం ఆపింది జబ్బును కాదు, అక్షరాలను.

మరి బడి తెరిస్తే ఏమయింది? 2020 నవంబరులో తెరిచిన మూడు నాలుగు రోజులకే 262 మంది విద్యార్థులకు, సుమారు 160 మంది ఉపాధ్యాయులకు కరోనా తేలిందని గగ్గోలు పుట్టింది. అప్పటి పాఠశాల విద్యాశాఖ కమిషనర్ వాడ్రేవు చినవీరభద్రుడు ఓపిగ్గా లెక్క చెప్పారు. వస్తున్నవాళ్లు సుమారు 4 లక్షలు, అందులో ఇది 0.1 శాతం కూడా కాదు, బడికి రావడం వల్లే సోకిందనీ చెప్పలేం అని. ప్రభుత్వం తలుపు మూయలేదు. మూడో అల వచ్చినప్పుడు, 2022 జనవరిలో, మరో మంచి నిర్ణయం తీసుకుంది. సంక్రాంతి సెలవులు కాగానే 17న బడులు తెరిచింది. తెలంగాణలో ఆ నెలాఖరు దాకా సెలవులు పొడిగించారు. తుంగభద్రకు ఆవల గద్వాల వైపు పిల్లలు ఇళ్లలో, ఈవల మన పిల్లలు బడిలో. ఆ జనవరిలో మా బడిలో పిల్లలు తక్కువే, సుగ్గి కాలం మరి. కానీ అవ్వ దగ్గర మిగిలినవాళ్లకు బడి ఉంది, మధ్యాహ్నం కూడు ఉంది. అది చిన్న సంగతి కాదు.

నాకు మింగుడు పడనిది తెరిచిన వరస. పెద్ద తరగతులు ముందు, చిన్నవాళ్లు చివర. జబ్బు సంగతి చూస్తే ఇది తలకిందుల వరస. చిన్నపిల్లలు ఈ వైరస్‌ను పెద్దవాళ్లకన్నా బాగా తట్టుకుంటారనీ, తెరిస్తే మొదట ప్రాథమిక పాఠశాలలు తెరవాలనీ ఐసీఎంఆర్ అధిపతి బలరాం భార్గవ 2021 జులైలో బహిరంగంగానే చెప్పారు. మరి పెద్ద తరగతులు ముందెందుకు? పరీక్షలు ఉన్నాయి కాబట్టి. ఇంటర్ పరీక్షలు జరిపి తీరాలని రాష్ట్రం సుప్రీంకోర్టు దాకా వెళ్లింది. ఒక్క ప్రాణం పోయినా బాధ్యత మీదే అని కోర్టు అన్నాక 2021 జూన్ 24న రద్దు చేసింది. పరీక్ష కోసం చూపిన ఆ పట్టుదల ఒకటో తరగతి కోసం ఎవరూ చూపలేదు. పదో తరగతి పిల్ల ఎక్కడ ఆగిందో అక్కడి నుంచి చదువుకోగలదు. అక్షరమే రాని పిల్ల ఎక్కడి నుంచి చదువుకుంటుంది?

ప్రపంచంలో ఈ ప్రశ్న మనకన్నా ముందే వచ్చింది. 1918 ఇన్‌ఫ్లుయెంజాలో అమెరికా నగరాలు చాలా వరకు బడులు మూశాయి. న్యూయార్క్ మూయలేదు. అక్కడి ఆరోగ్య కమిషనర్ రాయల్ కోప్‌లాండ్ ఆలోచన మన కోసిగికి అతికినట్టు సరిపోతుంది. నగరంలో దాదాపు 10 లక్షల మంది బడిపిల్లలు, వాళ్లలో నాలుగింట మూడొంతుల మంది గాలి వెలుతురు లేని ఇరుకు కొంపల్లో ఉంటున్నారు. వాళ్లను ఇంటికి తోలితే ఆ ఇరుకులోకి, వీధిలోకి తోలినట్టే. బడిలో గాలి ఉంది, నర్సు ఉంది, ప్రతి ఉదయం పిల్లను చూసి ఒళ్లు వెచ్చగా ఉంటే పక్కన పెట్టే పద్ధతి ఉంది. ఆయన అడిగింది బడి తెరవాలా వద్దా అని కాదు. బడి మూస్తే ఈ పిల్ల ఎక్కడికి పోతుంది అని. అయ్యవారు అడిగిన ప్రశ్న కూడా అదే. “బడి మూస్తే పిల్ల యాడికి పోతాది?”

స్వీడన్ 2020 వసంతంలో పదహారేళ్ల లోపు పిల్లల బడులు తెరిచే ఉంచింది. ఆ నాలుగు నెలల్లో అక్కడి 19 లక్షలకు పైగా పిల్లల్లో కొవిడ్‌తో ఐసీయూలో చేరినవాళ్లు 15 మంది, చనిపోయినవాళ్లు ఎవరూ లేరు. ఈ అంకెలు చెప్పి, మనమూ అలాగే చేసి ఉండాల్సింది అనను. వాళ్ల ఇళ్లు వేరు, ఆసుపత్రులు వేరు. పిల్లల ప్రాణాలకు బడి పెద్ద గండం కాలేదన్నంత వరకే ఆ లెక్క పనికొస్తుంది. మనకు దగ్గర పాఠం పక్కనే ఉంది. కర్ణాటకలో, మనకు ఆనుకున్న రాయచూరు, బళ్లారి వైపు కూడా, 2020 ఆగస్టులో విద్యాగమ అని మొదలుపెట్టారు. పంతుళ్లే గుడి అరుగుల మీదికి, చెట్ల కిందికి పోయి గుంపులు గుంపులుగా పాఠం చెప్పారు. అక్టోబరులో కొందరు పిల్లలకు కరోనా సోకిందని తెలిసి మొత్తం రాష్ట్రంలో ఆపేశారు. ఒక తాలూకాలో జబ్బు కనబడితే ఆ తాలూకాలో ఆపాలి. కర్ణాటకంతా ఎందుకు ఆగాలి? మన దగ్గరా అంతే. కర్నూలు పట్నంలో కేసులు పెరిగాయని, ఒక్క కేసు లేని పల్లెలో కూడా బడికి తాళం పడింది. ఒకే ఉత్తర్వు, ఒకే తేదీ.

అందుకే నేను కోరేది ఇది. తాళం రాజధానిలో ఉండకూడదు. ఊరి హెడ్మాస్టరు, సర్పంచి, ఆరోగ్య ఉపకేంద్రంలో పనిచేసే ఏఎన్ఎం, తల్లిదండ్రుల కమిటీ కలిసి కూర్చుని, ఊళ్లో జబ్బు ఎంతుందో చూసి, పది రోజులకో పదిహేను రోజులకో మూయాలి, తెరవాలి. మూయాల్సి వస్తే ఆఖరున మూసేది చిన్న తరగతులు కావాలి, తెరిచేటప్పుడు మొదట తెరిచేవి అవే కావాలి. వానలేని ఊరు మనది, ఏడాదిలో తొమ్మిది నెలలు వేపచెట్టు కింద పాఠం చెప్పొచ్చు. సీజనల్ హాస్టళ్ల మాట వేరే చెప్పాలి. సుగ్గికి పోయినవాళ్ల పిల్లలకు హాస్టలంటే ఇల్లే. జబ్బొచ్చిందని ఎవరైనా పిల్లను ఇంట్లోంచి పంపేస్తారా? అక్కడ ఒక నర్సును పెట్టండి, రెండు గదులు విడిగా ఉంచండి. తలుపు మాత్రం మూయకండి.

ఉపాధ్యాయ మిత్రులు ఇందాకటి నుంచి నావైపు చూస్తున్నారు. పంతులు ప్రాణం సంగతేమిటని వాళ్ల మనసులో ఉంది, ఉండాలి కూడా. దేశంలో టీకాలు మొదలైంది 2021 జనవరి 16న. ఉపాధ్యాయుల కోసం ప్రత్యేకంగా 2 కోట్ల డోసులు కేటాయించింది ఆ ఆగస్టు చివర. ఏడు నెలలు. ఆసుపత్రి సిబ్బంది తర్వాత వరసలో పంతులు, అంగన్‌వాడీ టీచరు, వంట చేసే ఆయమ్మ ఉండి ఉంటే ఫిబ్రవరిలో తెరిచిన బడి ధైర్యంగా నడిచేది. షుగరు, గుండెజబ్బు ఉన్న టీచరును ఇంట్లో ఉండమని, వారి తరగతి ఊళ్లో డీఎడ్ చేసి ఖాళీగా ఉన్న కుర్రవాడికి ఇవ్వొచ్చు. ఖర్చు అవుతుంది. మిరప సాలు నుంచి వచ్చిన ఆ పిల్లను ఇప్పుడు హైస్కూల్లో కూర్చోబెట్టి అక్షరాలు దిద్దించడానికి అంతకన్నా ఎక్కువ ఖర్చవుతోంది. అయినా అందరికీ రావడం లేదు.

అయ్యవారి నోటుపుస్తకాలు వాళ్లమ్మాయి నాకిచ్చింది. ఆఖరి పుస్తకం ఇవాళ వెంట తెచ్చాను. 2019 దసరా పేజీల్లో 41 మంది పిల్లల పేర్లున్నాయి. చేతివ్రాత వణికింది గానీ గీతలు తిన్నగా ఉన్నాయి. ‘తిరిగొచ్చిన తేదీ’ గడులు ఆయన నింపలేకపోయారు. లాక్‌డౌన్ అయ్యాక ఒక్కొక్కరి సంగతీ కనుక్కుంటూ నేను నింపుతూ వచ్చాను. 34 నిండాయి. ఏడు మిగిలాయి. ఆ ఏడుగురిలో ఇద్దరు మగపిల్లలు ఇప్పుడు గుంటూరు వైపే మేస్త్రీ కింద పని చేస్తున్నారు. ఒకమ్మాయికి పెళ్లి చేశారు. మిగతా నలుగురి జాడ తెలియలేదు. పోయిన ఊరు, మేస్త్రీ పేరు మాత్రం పుస్తకంలో ఉన్నాయి.

ఈసారి సంక్రాంతి దాటాక, కోతలు నడిచేటప్పుడు, నేను గుంటూరు పోతున్నాను. ఆ ఊళ్లు తెలిసినవాళ్లు, ఆ మేస్త్రీలను ఎరిగినవాళ్లు ఈ సభలో తప్పకుండా ఉంటారు. సభ అయ్యాక ఆ వేపచెట్టు కింద కూర్చుంటాను. వచ్చి పేజీ చూడండి.